కొండకు అందని గీత

లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున బంకర్ హిల్ అనే కొండ ఉంది. ఆ కొండ పేరే పెట్టుకున్న బంకర్ హిల్ అవెన్యూ మాత్రం ఇప్పుడు దాని మీద లేదు. ఆ వీధికి రెండు పక్కలా ఉన్న మేడలు లేవు. మేడల మెట్ల మీద సాయంకాలం ఎండకు కూర్చునే ముసలివాళ్లు లేరు. కొండ కూడా పాత ఎత్తులో లేదు. నెత్తిన చెక్కి, చదును చేసి, ఆకాశహర్మ్యాలకు పునాదిగా మార్చేశారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన మనవాళ్లలో చాలామంది అక్కడి వాల్ట్ డిస్నీ కాన్సర్ట్ హాల్ ముందు నిలబడి ఫొటోలు దిగే ఉంటారు. కాళ్ల కింద ఒక పేటకు పేటే అణగిపోయి ఉందని ఆ ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు.

ఇళ్లు కూలడం ఏ ఊళ్లోనైనా ఉన్నదే. బంకర్ హిల్ కథలో నన్ను కలచివేసేది ఇంకొకటి ఉంది. అలాంటి పేటను కాపాడగల చట్టం ఆ దేశంలో అప్పటికే ఉంది. ఆ చట్టం ఈ కొండ దాకా రాలేదు. లాస్ ఏంజెలెస్‌కు వచ్చేసరికి ఆలస్యమై, పక్క కొండను కాపాడింది.

1867లో బంకర్ హిల్‌లో ఎక్కువ భాగం కొన్నవాడు ప్రూడెంట్ బోడ్రీ, క్యూబెక్ నుంచి వచ్చిన ఫ్రెంచి కెనడా వర్తకుడు. నీళ్లు ఎక్కని ఆ మిట్ట మీద కాపురాలు పెట్టవచ్చని అప్పటికి ఎవరికీ తోచలేదు. బోడ్రీ దిగువ నుంచి నీళ్లు పైకి తోడించాడు, గొట్టాలు వేయించాడు, వీధులు తీయించి స్థలాలు అమ్మాడు. 1775లో బాస్టన్ దగ్గర జరిగిన ప్రసిద్ధ యుద్ధం గుర్తుగా ఆ పేటకు పేరు వచ్చింది. 1874 నుంచి 1876 దాకా ఆయన నగరానికి మేయరుగా కూడా ఉన్నాడు.

1880లు, 90లు ఆ కొండకు మహర్దశ. గనుల యజమానులు, బ్యాంకర్లు, డాక్టర్లు, లాయర్లు ఒకరిని చూసి ఒకరు మేడలు లేపారు. దాదాపు అన్నీ కలప మేడలే. మూలన గుండ్రటి బురుజు, ముందు విశాలమైన వసారా, చూరు కింద సన్నని చెక్క నగిషీ, వీధి తలుపుకు రంగుటద్దాలు. వాటిలో పేరుమోసింది గనుల్లో గడించిన లూయిస్ బ్రాడ్‌బరీ మేడ. న్యూసమ్ సోదరులు నమూనా గీయగా 1887లో కట్టించాడు. ఆయనే కొండ దిగువన, థర్డ్ స్ట్రీటూ బ్రాడ్‌వే కలిసే చోట, ఒక ఆఫీసు భవనం కూడా తలపెట్టాడు. అది పూర్తి కాకముందే కన్నుమూశాడు. 1893లో పూర్తయిన ఆ బ్రాడ్‌బరీ బిల్డింగ్ నేటికీ చెక్కు చెదరలేదు. గాజు పైకప్పు, కటకటాల లిఫ్టులు చూడటానికి దేశదేశాల వాళ్లు వస్తారు. ఆయన ఇల్లు మాత్రం 1929లోనే నేలమట్టమైంది. జనం కొలువు చేసే చోటికి దక్కిన మన్నన వాళ్లు కాపురమున్న చోటికి దక్కలేదు. ఆ కొండ మీద ముందుముందు జరగబోయేదంతా ఇదే వరుస.

1901 డిసెంబరు 31న కొండకు ఒక బుల్లి రైలు వచ్చింది. పేరు ఏంజెల్స్ ఫ్లైట్. కర్నల్ ఎడ్డీ అనే ఆయన వేయించాడు. సైనాయ్, ఆలివెట్ అని బైబిలు కొండల పేర్లు పెట్టిన రెండు పెట్టెలు, రెంటికీ ఒకటే ఇనుప తాడు. ఒకటి దిగుతుంటే ఆ బరువుకు రెండోది ఎక్కుతుంది. టికెట్టు ఒక సెంటు. కింద హిల్ స్ట్రీట్‌లో ఎక్కితే నిమిషంలో పైన ఆలివ్ స్ట్రీట్‌లో దిగవచ్చు. మేడల యజమానురాళ్లు బజారు పనికి దిగడానికి వేసిన ఆ రైలు, తర్వాత రోజుల్లో వంటమనుషులనీ గుమాస్తాలనీ పింఛనుదార్లనీ ఏళ్ల తరబడి మోసింది.

ఎందుకంటే కలిగినవాళ్లు అక్కడ ఎక్కువ కాలం నిలవలేదు. దిగువన వ్యాపార కేంద్రం రద్దీ పెరిగింది, కార్లు వచ్చాయి, పడమటి పేటలు రమ్మన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి మేడలు ఒక్కొక్కటే అద్దె గదులుగా మారడం మొదలైంది. హాళ్లకు అడ్డంగా చెక్కలు కొట్టి గదులు చేశారు. పదిమంది పనివాళ్లతో ఒక కుటుంబం ఉన్న ఇంట్లో ఒంటరి మనుషులు గదికొకరు చేరారు. ఓడలు బండ్లయ్యాయి, నిజమే. కానీ ఆ బండ్లలో వేలమంది బతుకు సాగింది. ఈ సంగతి మర్చిపోయి బంకర్ హిల్ వైభవం గురించి మాత్రమే మాట్లాడేవాళ్లను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. మేడల కంటే ఆ అద్దె గదుల కాలమే ఎక్కువ. ఆ పేటకు పేట అన్న పేరు తెచ్చింది వాళ్లే.

ఎవరు వాళ్లు? రైల్వేలోనో ఓడరేవులోనో పనిచేసి రిటైరై, చేతిలో చిన్న పింఛనుతో మిగిలిన ముసలివాళ్లు. సినిమాల్లో వేషం దొరుకుతుందేమోనని వచ్చినవాళ్లు. మెక్సికన్ కుటుంబాలు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కుర్రాళ్లు. 1950లలో ప్రభుత్వం రిజర్వేషన్ భూముల నుంచి నగరాలకు తరలిరమ్మని ప్రోత్సహించగా వచ్చిన ఆదివాసీ ఇండియన్లు. వాళ్లందరికీ ఆ కొండ ఇచ్చింది రెండే: తక్కువ అద్దె, నడిచి పోగలిగే దూరంలో సమస్తం. దిగువన 1917 నుంచి ఉన్న గ్రాండ్ సెంట్రల్ మార్కెట్. పొద్దున రైల్లో దిగడం, ఆ పూటకు సరిపడా రెండు బంగాళదుంపలు, ఒక చేప ముక్క కొనుక్కోవడం, కాగితం సంచీ ఒళ్లో పెట్టుకుని మళ్లీ రైల్లో ఎక్కడం. కారు కొనలేని, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషికి కార్ల నగరమైన లాస్ ఏంజెలెస్‌లో అంతకంటే వీలైన చోటు ఇంకొకటి లేదు.

రచయితలు ఆ పేటను పట్టుకున్నారు. జాన్ ఫాంటే 1939లో రాసిన ‘ఆస్క్ ద డస్ట్’ నవలలో కథానాయకుడు అక్కడి అద్దె గదిలోనే ఆకలితో అలమటిస్తూ కథలు రాస్తాడు. రేమండ్ చాండ్లర్ 1942లో ‘ద హై విండో’లో ఆ కొండను చెడిపోయిన చోటుగా, నేరస్థుల ఆటపట్టుగా చూపించాడు. హాలీవుడ్ నేర కథా చిత్రాలకు ఆ చీకటి మెట్లే సెట్టింగులయ్యాయి. కల్పనకు ఆ రంగు అవసరం. కానీ నగర పాలకుల చేతిలో ఆ రంగు సాక్ష్యంగా మారింది. కెంట్ మెకెంజీ అనే సినిమా విద్యార్థి ఒక్కడు 1956లో కెమెరా పట్టుకుని నేరుగా అక్కడున్న వృద్ధుల దగ్గరికే వెళ్లాడు. పేట పోతుందని తెలిసి వాళ్లేమనుకుంటున్నారో వాళ్ల నోటే చెప్పించాడు. తర్వాత అదే కొండ మీది ఆదివాసీ యువతీయువకుల ఒక రాత్రి మీద ‘ది ఎగ్జైల్స్’ తీశాడు. అది 1961లో వెనిస్ చిత్రోత్సవానికి వెళ్లింది, అమెరికాలో థియేటర్లకు వచ్చింది మాత్రం 2008లో. అప్పటికి దర్శకుడూ లేడు, సినిమాలో కనబడే వీధులూ లేవు.

పతనం కాగితం మీద మొదలైంది. కాలిఫోర్నియా 1945లో పునరభివృద్ధి చట్టం చేసింది. దాని కింద 1948లో లాస్ ఏంజెలెస్ ఒక పునరభివృద్ధి సంస్థను పెట్టింది. 1949లో ఫెడరల్ గృహ నిర్మాణ చట్టం వచ్చింది. మురికివాడలు తొలగించే నగరానికి నికర ఖర్చులో మూడింట రెండు వంతులు కేంద్రమే భరిస్తానంది. ఇక కావలసింది పటం మీద ఒక గీత. ఆ గీత బంకర్ హిల్ చుట్టూ పడింది. 130 ఎకరాలకు పైగా నేల, 7 వేలకు పైగా నివాసాలు దాని లోపలికి వచ్చాయి. 1959లో నగర కౌన్సిల్ ప్రణాళికను ఆమోదించింది.

సంస్థ చెప్పిన కారణాలు కొట్టిపారేయదగ్గవి కావు. ఇళ్లు శిథిలమయ్యాయి, పాత కలప, పాత వైరింగు, అంటుకుంటే ఆగదు. పోలీసులకూ అగ్నిమాపక దళానికీ ఆ కొండ మీద అయ్యే ఖర్చు అక్కడినుంచి వచ్చే పన్నుకు మించిపోతోందన్నారు. ఇందులో ఎంతో నిజముంది. అయితే కూల్చేస్తారని పదేళ్లుగా అందరూ చెప్పుకుంటున్న ఇంటికి ఎవరు రంగు వేయిస్తారు? ఏ బ్యాంకు మరమ్మతుకు అప్పిస్తుంది? పాడుబడిందని గీత గీశారు, గీత గీశాక మరింత పాడుబడింది.

అసలు దెబ్బ 1954లోనే సుప్రీంకోర్టులో తగిలింది. వాషింగ్టన్ నగరంలో ఒక దుకాణదారు, తన దుకాణం శిథిలం కాదనీ, మురికివాడ తొలగింపు పేరుతో దాన్ని తీసుకోవడం అన్యాయమనీ వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. ప్రాంతాన్ని మొత్తంగా చూడాలి, ఒక్కో కట్టడం మంచిచెడ్డలు విడివిడిగా లెక్కించనక్కర్లేదు అంది. బెర్మన్ వర్సెస్ పార్కర్ అని పిలిచే ఆ తీర్పుతో దేశమంతటా పునరభివృద్ధి సంస్థలకు చేతి నిండా బలమొచ్చింది. గీత లోపల ఉంటే చాలు, దిట్టమైన ఇల్లు కూడా కూలవలసిందే.

పేటను మొత్తంగా చూడటం అనే ఆ సూత్రమే రక్షణకు కూడా పనికొస్తుందని అప్పటికే ఒక ఊరు రుజువు చేసింది. సౌత్ కెరొలైనాలోని చార్ల్‌స్టన్ నగరం 1931లోనే తన పాత నివాస ప్రాంతాన్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. అమెరికాలో అదే మొదటిది. ఒక గొప్ప మేడను కాకుండా వీధులను, వరుస ఇళ్లను కలిపి కాపాడాలని, అక్కడ కొత్తది కట్టాలన్నా పాతదాని ముఖం మార్చాలన్నా ఒక సమీక్షా మండలి అనుమతి తీసుకోవాలని చట్టం పెట్టింది. కొన్నేళ్లకే న్యూ ఆర్లియన్స్ తన ఫ్రెంచి పేటకు అదే పని చేసింది. బంకర్ హిల్ మీద గీత పడేనాటికి చార్ల్‌స్టన్ చట్టానికి ఇరవై ఏళ్ల వయసు. లాస్ ఏంజెలెస్‌లో ఆ మాట ఎత్తి నిలబడిన అధికారి లేడు.

నగరం మేలుకుంది 1962లో. సాంస్కృతిక వారసత్వ చట్టం చేసి, చారిత్రక కట్టడాల జాబితా మొదలుపెట్టింది. ఆ ఏడాది ఆగస్టు 6న మొదటి అయిదు పేర్లు ప్రకటించారు. అయిదింటిలో రెండు బంకర్ హిల్‌వే. నాలుగోది ఏంజెల్స్ ఫ్లైట్ రైలు. అయిదోది బంకర్ హిల్ అవెన్యూలో 339వ నంబరు ఇల్లు, సాల్ట్ బాక్స్. పాతకాలపు వంటిళ్లలో గోడకు తగిలించే ఉప్పు పెట్టెలాగా దాని కప్పు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ వాలి ఉండేది గనక ఆ పేరు. 1964లో అదే వీధిలో 325వ నంబరు ఇల్లు జాబితాకెక్కింది. ఇరవై గదుల ఆ మేడను అందరూ కాసిల్ అనేవారు. జాబితాలో దాని సంఖ్య 27.

ఆ చట్టం బలం ఎంతో చూడండి. కూల్చివేతను కొంతకాలం ఆపగలదు, అంతే. అది కూడా విడి కట్టడానికే. రెండు ఇళ్ల మధ్య ఉన్న ఇల్లు, ఎదురిల్లు, వీధి మలుపు, అంగడి, వీటి ఊసు అందులో లేదు. కూల్చేవాళ్లు పేటనంతా ఒక్కటిగా చూశారు. కాపాడబోయినవాళ్లు ఇల్లిల్లూ ఏరుకున్నారు. ఆ పోటీలో ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా? 1964లోనే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ప్రణాళికను సమర్థించడంతో, ఏళ్ల తరబడి వ్యాజ్యాలతో ఎదిరిస్తూ వచ్చిన యజమానులకు దారులు మూసుకుపోయాయి.

ఆ తర్వాత వరసబెట్టి కూల్చారు. ఏ వీధి మిగిలి ఉందో ఆ వీధికి వెళ్లి బొమ్మలు గీసినవాడు లియో పొలిటీ. పిల్లల పుస్తకాలకు కాల్డికాట్ పతకం అందుకున్న చిత్రకారుడు. మేడలను, మేడల ముందు కూర్చున్న మనుషులను రంగుల్లో పెట్టి 1964లో బంకర్ హిల్ మీద పుస్తకం వేశాడు. ఈ రోజు ఆ ఇళ్ల రంగులు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఆ పుస్తకం తెరవాల్సిందే.

1968 నాటికి బంకర్ హిల్ అవెన్యూలో పాత ఇళ్లు రెండే మిగిలాయి: కాసిల్, సాల్ట్ బాక్స్. చుట్టూ చదును చేసిన మట్టి. వెనక యూనియన్ బ్యాంకు అద్దాల భవనం, కొత్త అపార్టుమెంటు టవర్లు. ఉన్న చోట ఉండనిచ్చే వీలు లేదన్నారు. వారసత్వ మండలి పెద్దలు ఎలాగో తంటాలు పడి, ఊరికి ఈశాన్యాన అరోయో సెకో దగ్గర హెరిటేజ్ స్క్వేర్ పేరుతో ఖాళీ స్థలం చూశారు. కాపాడదగ్గ ఇళ్లన్నిటినీ అక్కడికి తెచ్చి బాగుచేయాలన్నది సంకల్పం. 1969 మార్చిలో రెండు ఇళ్లనూ పునాదుల నుంచి లేపి, ట్రక్కుల మీద తరలించారు. ఎనభై ఏళ్లకు పైగా కొండ మీద నిలబడ్డ ఇళ్లు, కాపురం లేక, పొరుగు లేక, ఫ్రీవే పక్కన బీట్లో దిగాయి. రాత్రిపూట దీపం పెట్టే మనిషి లేడు. ఎవరైనా లోపలికి వస్తే ఎవరది అని అడిగే ఎదురిల్లు లేదు.

అక్టోబరు 9న ఆకతాయిలు నిప్పు పెట్టారు. రెండూ కాలి బూడిదయ్యాయి. తరలించి ఏడు నెలలు.

పేట లేకుండా ఇల్లు బతకదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద రుజువు నాకు తెలియదు. పాతికమంది అద్దెకుండే రోజుల్లో, పొయ్యిలు, సిగరెట్లు, పాత వైరింగు అన్నీ ఉన్నా ఆ ఇళ్లు నిలిచాయి. మనుషులను వెళ్లగొట్టి, ఇళ్లకు బిరుదిచ్చి, దూరం తీసుకెళ్లి పెడితే ఏడాది కూడా నిలవలేదు.

అదే ఏడాది మే 18న ఏంజెల్స్ ఫ్లైట్ కూడా ఆగిపోయింది. పట్టాలు ఊడదీసి పెట్టెలను గోదాములో పెట్టారు. త్వరలోనే మళ్లీ నడుపుతామన్నారు. నడిచింది 1996లో, పాత చోటికి కొంచెం దక్షిణంగా. మధ్యలో ఆగుతూ సాగుతూ 2017 నుంచి మళ్లీ తిరుగుతోంది. ఇప్పుడు అందులో ఎక్కువమంది సందర్శకులు. పైన దిగితే కనిపించేది ఆఫీసుల ముంగిలి.

సంస్థ చేసిన వాగ్దానం కూడా సకాలంలో నెరవేరలేదు. కూల్చిన నేలలో చాలా భాగం దశాబ్దాల తరబడి కార్ల పార్కింగుగా పడి ఉంది. తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకు యాంజెలస్ ప్లాజా అనే పెద్ద నివాస సముదాయం కట్టారు, మంచిదే. అది వచ్చింది 1980ల మొదట్లో. 1960లలో గదులు ఖాళీ చేయించిన ముసలివాళ్లకు ఇరవై ఏళ్లు ఎదురుచూసే వయసు కాదు. కాన్సర్ట్ హాల్ 2003లో వచ్చింది, బ్రాడ్ మ్యూజియం 2015లో. సంగీతం మంచిది, బొమ్మలు మంచివి. వాటి కోసం ఆ పేట చావవలసిన పని లేదని మాత్రం నేను గట్టిగా అంటాను.

బంకర్ హిల్‌కు రెండు మైళ్ల లోపే, ఫ్రీవేకు అవతల, యాంజెలీనో హైట్స్ అని మరో మిట్ట ఉంది. 1886లో వేసిన పేట. అవే కలప మేడలు, అవే బురుజులు, అవే వసారాలు. అదీ ఒకప్పుడు అద్దె గదులుగా దిగజారిందే. అక్కడివాళ్లకు పక్క కొండకు పట్టిన గతి కళ్లెదుట ఉంది. ఇళ్లు కొనుక్కున్నవాళ్లు కలిసి మరమ్మతులు చేసుకున్నారు, కారల్ అవెన్యూను 1976లో జాతీయ జాబితాకెక్కించుకున్నారు. 1979లో నగరం చారిత్రక పరిరక్షణ ప్రాంతాల చట్టం తెచ్చింది. 1983లో దాని కింద మొదట ప్రకటించింది యాంజెలీనో హైట్స్‌నే. ఇప్పుడు అలాంటివి నగరంలో 35 ఉన్నాయి.

పద్ధతి సులువైనదే. ముందు పేటలో ప్రతి ఇంటినీ సర్వే చేస్తారు. ఏది పాత స్వరూపంతో ఉంది, ఏది మారిపోయింది అని గుర్తిస్తారు. హద్దు గీస్తారు. అయిదుగురితో స్థానిక మండలి ఉంటుంది. హద్దు లోపల వీధి వైపు కిటికీ మార్చాలన్నా, వసారా మూయాలన్నా, ఇల్లు పడగొట్టాలన్నా అనుమతి కావాలి. విడి కట్టడానికి కూల్చివేతను వాయిదా మాత్రమే వేయగల నగరం, పేట హద్దులోని ఇంటికి కూల్చడానికి వీల్లేదని చెప్పగలదు.

ఇందులో ఒక లోటుంది, దాచకూడదు. ఈ హద్దు చెక్కనూ చూరునూ కాపాడుతుంది, అద్దెకున్న మనిషిని కాపాడదు. యాంజెలీనో హైట్స్‌లో ఇళ్ల ధరలు చూస్తే, పాత బంకర్ హిల్ పింఛనుదారు అక్కడ గది తీసుకోగలడా అంటే తీసుకోలేడు. ఆ మనిషికి వేరే చట్టం కావాలి, అద్దెల మీద అదుపు కావాలి. అయినా ఇల్లంటూ నిలిచి ఉంటేనే కదా అందులో ఎవరుండాలన్న తగవు పెట్టుకోగలిగేది.

మీరు పుట్టి పెరిగిన వీధి పాతదైతే, దాని మీద ఎవరూ ఇంకా గీత గీయకముందే ఒక జాబితా రాయండి. వరసగా ఏ ఇల్లు ఎవరిది, ఎప్పుడు కట్టింది, ఎవరు అద్దెకుంటున్నారు, అరుగు ఉందా, దూలం మీద చెక్కడం ఉందా. ఒక్క గొప్ప మేడను కాదు, అన్ని ఇళ్లనూ రాయండి. ప్రతి ఇంటి ముందూ ఫొటో తీయండి, ఇంట్లోవాళ్లను కూడా నిలబెట్టి. ఒక నకలు మున్సిపాలిటీకి ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి.